బోల్టు మీది నంబరు

జహీరాబాద్,
9 జూన్ 2025.

జలాల్ గారికి,

నమస్కారం. చేతిరాత చూసి గుర్తుపట్టలేరు కాబట్టి ముందే చెబుతున్నాను. నేను భాగీరథిని. పటేల్ శరణప్ప కూతురిని, మాణిక్ చెల్లెలిని. మీరూ మా అన్నా ఒకే సైకిల్ మీద బడికి పోతుంటే వెనకాల ఏడుస్తూ పరుగెత్తిన పిల్ల ఉండేది కదా, ఆ పిల్లని. ఇప్పుడు అరవై దాటాయి. పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. మీ చిరునామా బస్టాండ్ దగ్గర టైర్ల దుకాణం షకీల్ ఇచ్చాడు. ఇచ్చే ముందు నా ముఖం వంక కాసేపు చూసి "ఎందుకక్కా, ఆయన్ని మళ్ల సతాయించనీకా?" అన్నాడు. కాదని ఒట్టు పెడితే గాని ఇవ్వలేదు.

విషయం ఇది. ఆ తుపాకీ ఇంకా మా ఇంట్లోనే ఉంది. కేసు మూసేశాక పోలీసులు తిరిగి ఇస్తే నాన్న దాన్ని గోనెసంచిలో చుట్టి, ట్రంకులో వేసి తాళం పెట్టాడు. పోయేదాకా మళ్లీ ఆ ట్రంకు తెరవలేదు. ఇప్పుడు అన్న కొడుకు అఖిలేష్ దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పజెబుతానంటున్నాడు. లైసెన్సు నాన్నతోనే పోయింది, ఇంట్లో ఉంచుకుంటే నేరమట. స్టేషన్‌లో అడిగితే "ఏ దేశంది, ఏ సాలుది, నంబరెంత, అన్నీ రాసుకొని రా" అన్నారు. నాన్న ఉన్నన్నాళ్లూ అది ఇంగ్లీషు తుపాకీ అని మీసం తిప్పేవాడు. దాని మీద ఉన్న అక్షరాలు చూస్తే నాకు తెలిసిన ఇంగ్లీషులా లేవు.

జహీరాబాద్‌లో తుపాకీ సంగతి తెలిసిన ఇల్లు మీదొక్కటే. ఆ ఇల్లు ఊళ్లో లేకుండా చేసింది మేమే. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాయలేక కాగితాలు చించుకుంటూ కూర్చున్నాను. అమ్మ ఉంది, ఎనభై ఎనిమిదేళ్లు. చూపు మందగించింది గాని చెవులు పాములవి. ఈ ఉత్తరం సంగతి ఆమెకు చెప్పలేదు.

మనసొప్పకపోతే జవాబు రాయకండి. నేనేమీ అనుకోను.

భాగీరథి


సోలాపూర్,
24 జూన్.

భాగీరథి గారికి,

ఉత్తరం అందింది. విప్పి చదివి చాలా రోజులు అలమారలో పెట్టాను. మా మనవరాలు అంబ్రీన్ "ఎవరు రాసిన్రు నానా?" అంటే ఊరివాళ్లన్నాను. ఏ ఊరని అడిగింది. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎత్తరు, పిల్లకు తెలియదు పాపం.

మీరు రాయకుండా వదిలింది నేను రాస్తాను. ఎనభై ఒకటి, వానకాలం. మాణిక్ చెరుకు తోటలో పందులను బెదిరించడానికి తుపాకీ పేల్చాడు. తూటా వెనక మూసే ఇనుప గడియ, బోల్టు, ఊడి వెనక్కి ఎగిరి వాడి ముఖానికి కొట్టింది. వాడు అక్కడే పోయాడు. అంతకు కొన్నాళ్ల ముందే ఆ తుపాకీ రిపేరు చేసింది మా అబ్బా, ఖాజా మియా. అసలు బోల్టు తీసి అమ్ముకున్నాడని, దాని బదులు నాసి బోల్టు వేశాడని మీ నాయన నలుగురిలో అన్నాడు. దొంగ అన్నాడు, ఖూనీకోరు అన్నాడు. మీ అమ్మ మా దుకాణం ముందు నిలబడి, దోసిళ్లతో మన్నెత్తి అబ్బా నెత్తిన పోసి శాపనార్థాలు పెట్టింది. అబ్బా తల వంచుకుని నిలబడ్డాడు. ఆ వారంలోనే సోలాపూర్ బస్సెక్కాం. ఇక్కడ ఆయన తాళాలు, స్టవ్వులు బాగుచేసి బతికాడు. తుపాకీ మళ్లీ ముట్టలేదు. తొంభై ఒకటిలో పోయాడు. మాలో ఖబరస్తాన్‌కు వచ్చిన ప్రతి మనిషీ సమాధిలో తలా మూడు పిడికిళ్ల మట్టి వేస్తాడు. మట్టి ఇవ్వడం అంటాం. అబ్బాకు మట్టి ఇవ్వడానికి జహీరాబాద్ నుంచి ఒక్కరూ రాలేదు.

మీ పని చేసిపెడతాను. దానికి ఒక షరతు. అది జర్మన్ తుపాకీ అని అబ్బా అనేవాడు. జర్మన్లు ఒక తుపాకీకి చేసిన భాగాలన్నిటి మీదా ఒకే నంబరు కొడతారట. బ్యారెల్ మీద, బోల్టు మీద నిండు నంబరు ఉంటుంది. స్క్రూల మీద చివరి రెండంకెలు ఉంటాయి. బ్యారెల్ నంబరూ బోల్టు నంబరూ ఒకటైతే మా అబ్బా దొంగ కాదు. వేరైతే మీ నాయన అన్నది నిజం. రెండూ నాకు పంపాలి. ఏది తేలినా ఒకరి దగ్గర ఒకరం దాచొద్దు. ఆ తుపాకీ స్టేషన్‌కు పోయి కరిగిపోయిందంటే ఇక ఎవరినీ అడగడానికి ఉండదు.

ఫోన్‌లో ఫొటో వద్దు, సైజు తెలియదు. పలుచని కాగితం అచ్చు మీద పరిచి పెన్సిల్ అడ్డంగా రుద్దండి. అక్షరం దానంతటదే కాగితం మీదికి వస్తుంది. ఫోన్ కూడా చేయకండి. గొంతు ఆపరేషన్ అయ్యాక నాకు మాట పోయింది.

జలాల్


జహీరాబాద్,
6 జూలై.

జలాల్ అన్నకు,

మీ షరతుకు ఒప్పుకున్నాను. ఇకనుంచి మీరు అని రాయలేను, ఏమనుకోకు.

అఖిలేష్ డ్యూటీకి పోయాక, అతని భార్య పిల్లను బడిలో దింపడానికి పోయాక ట్రంకు తెరిచాను. గోనెసంచి చీకిపోయింది. లోపల తుపాకీ, దాని పక్కన పాత ధోవతి ముక్కలో కట్టిన బోల్టు. ఎంబ్రాయిడరీ డిజైన్లు దించుకునే బటర్ పేపర్ తెచ్చి రుద్దడం మొదలుపెట్టాను.

ఒక సంగతి చెబితే తిడతావు. ఇనుమంతా నున్నగా ఉంది. దసరా ముందు రోజు నాన్న ఇంట్లోని ఆయుధాలన్నీ ముందరేసుకునేవాడు. కొడవళ్లు, గొడ్డళ్లు, తుపాకీ అన్నీ. అమ్మ చింతపండు, బూడిద పెట్టి వాటిని ఇత్తడి బిందెల్లాగే తోమేది. తుపాకీలో ముఖం కనబడాలి అనేవాడు నాన్న. తోమాక విభూతి పట్టెలు పెట్టి పూజ. అలా ఎన్ని దసరాలు తోమామో. పైనున్న అక్షరాలు సగం అరిగిపోయాయి. నేనూ తోమాను, చిన్నప్పుడు.

రుద్దుతుంటే అమ్మ లోపలి నుంచి "ఏం గీకుతున్నవే?" అంది. పాత కుంపటికి తుప్పు పట్టిందన్నాను. "కుంపటి మనింట్ల ఏడుందే?" అంది.

పంపుతున్న కాగితాల వెనక ఎక్కడిదో రాశాను. బ్యారెల్ మొదట్లో, తూటా కూర్చునే చోట కాగితం సమంగా పరుచుకోలేదు. అక్కడ ఇనుము కాస్త పొంగినట్టుంది, ఒక పక్క చీలిక కూడా ఉంది. అందుకే ఆ అచ్చు సరిగా రాలేదు. నంబర్లు రెండూ వేర్వేరు కవర్లలో పెట్టాను. పక్కపక్కన పెట్టి చూడలేదు. ముందు చూడాల్సింది నువ్వు.

భాగీరథి


సోలాపూర్,
19 జూలై.

భాగీరథికి,

మూడు రోజులు నేనూ అంబ్రీనూ కాగితాల మీదే ఉన్నాం. ఎడమ పక్క నుంచి నువ్వు దించిన అచ్చు చూసి నేను నంబరేమో అనుకున్నాను. ఆ పిల్ల కంప్యూటర్‌లో వెతికి, అవి పాతకాలం జర్మన్ అక్షరాలు నానా, కొమ్ములు తిరిగి ఉంటాయి అని చూపించింది. చదివితే ఐ.జి. మాడ్. 71. కాల్బలం తుపాకీ, మోడల్ డెబ్భై ఒకటి అని అర్థమట. మౌజర్ అన్నదమ్ములు తయారుచేసిన మొదటి రకం. ఒక్కసారికి ఒక్క తూటా పెట్టి కాల్చేది, తూటాల పెట్టె ఉండదు. కుడి పక్క అచ్చులో సాలు ఉంది, 1877. కిరీటం గుర్తులు తనిఖీ చేసినవాళ్లవి. మీ నాయన ఇంగ్లీషుది అన్నది తప్పు. మా అబ్బా అన్నదే నిజం. ఈ ఒక్క మాట రాయడానికే ఈ వయసు దాకా బతికానేమో అనిపించింది.

అయితే అసలు దాని దగ్గర ఆగిపోయాం. బోల్టు నంబరు చక్కగా వచ్చింది, 4216. బ్యారెల్ మీద మాత్రం మీ చింతపండు ముందూ వెనకా తినేసింది. మధ్యలో 21 ఒక్కటే మిగిలింది. అది 4216 కావచ్చు, 3218 కూడా కావచ్చు. ఇరవై ఒకటి చూసి అబ్బాకు న్యాయం చేయలేను.

కట్టె విప్పాలి. బ్యారెల్ కింది భాగం కట్టెలో దాగి ఉంటుంది, అక్కడికి చింతపండు పోదు. జర్మన్లు అక్కడ కూడా నంబరు కొడతారని అంబ్రీన్ అంటోంది. నీ ఒక్కదానితో అయ్యే పని కాదు. ఎవరినైనా నమ్మాలి.

ఆ పొంగు ఎంత ఉందో, వేలితో తడిమితే తెలుస్తోందో లేదో కూడా రాయి.

జలాల్


జహీరాబాద్,
1 ఆగస్టు.

అన్నా,

అఖిలేష్‌కు చెప్పేశాను. వాడు ట్రాక్టర్ల కంపెనీలో పని చేస్తాడు, స్క్రూలు విప్పడం వాడికి కొత్తేమీ కాదు. కాని నీ పేరు చెప్పగానే పానా కింద పెట్టేశాడు. "అత్తమ్మా, మా నాయన్ని సంపినోళ్లకు ఉత్తరాలు రాస్తున్నవా?" అన్నాడు. వాడి తప్పు కాదు. పొత్తిళ్లలో ఉండగా తండ్రి పోయాడు, ఉగ్గుపాలతో ఈ కథే తాగాడు. నంబరు వేరైతే నీ మాటే నిజం, ఒకటైతే మనం అబద్ధం మోస్తున్నట్టు, చూద్దామా వద్దా అన్నాను. కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, వచ్చి విప్పాడు.

కట్టె ఊడివచ్చింది. లోపల ఇనుము నల్లగా, నిన్న చేసినట్టుంది. అఖిలేష్ ఫోన్ లైటు వేశాడు. ఇద్దరం కలిసే చదివాం. 4216.

స్క్రూల మీద కూడా 16, 16. ఒక్క స్క్రూ మీద ఏ అంకె లేదు. అది మీ నాన్న చేసి బిగించినదై ఉంటుంది. అఖిలేష్ దాన్ని గోటితో గీరి చూసి "ఇది మాత్రం గట్టిగున్నది" అన్నాడు. ఆ తర్వాత వాడు భోజనానికి రాలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదన్నా. మీ నాన్నను దొంగ అన్న నోళ్లలో మా అందరి నోళ్లూ ఉన్నాయి.

పొంగు అడిగావు. వేలితో తడిమితే బాగా తెలుస్తోంది, పాము ఎలుకను మింగినట్టు. సాయంత్రం అఖిలేష్ వచ్చి ఒకటే అడిగాడు. "బోల్టు అసల్దే అయితే మరి మా నాయన ఎట్ల పోయిండు?" ఏం చెప్పను?

భాగీరథి


సోలాపూర్,
12 ఆగస్టు.

చెల్లె భాగీరథికి,

నీ కాగితం జేబులో పెట్టుకుని అబ్బా సమాధి దగ్గరికి పోయాను. చదివి వినిపించడానికి గొంతు లేదు. అంబ్రీన్ చదివింది, నాలుగు రెండు ఒకటి ఆరు అని. అక్కడే కూర్చుని పిల్ల ముందరే ఏడ్చాను. నలభై ఏళ్లుగా నేను అడిగింది ఇంతే. నా పని అయిపోయింది.

స్టేషన్‌కు ఏం రాయాలో తెలిసింది కదా, అప్పజెప్పేయండి. తుపాకీ పాతది. పాత ఇనుము ఎందుకు పగులుతుందో ఎవరు చెప్పగలరు? మిగతాది అడగకు.

జలాల్


జహీరాబాద్,
20 ఆగస్టు.

అన్నా,

పొంగు సంగతి పనిగట్టుకుని అడిగింది నువ్వు. చెప్పగానే ఆ మాటే ఎత్తకుండా ఉత్తరం ముగించావు. నేను బడిలో ముప్పై ఏళ్లు పిల్లల ముఖాలు చూసినదాన్ని, ఎవడు ఏం దాస్తున్నాడో నాకు తెలుస్తుంది.

ఏది తేలినా దాచొద్దన్న షరతు నువ్వు పెట్టిందే. నేను నిలబడ్డాను. నువ్వూ నిలబడు. తండ్రి ఎలా పోయాడో తెలియకుండా అఖిలేష్ ఆ తుపాకీని స్టేషన్‌కు మోయలేడు.

భాగీరథి


సోలాపూర్,
2 సెప్టెంబర్.

చెల్లె,

గెలిచావు. చదివాక నన్ను తిట్టుకోకు.

అబ్బా చేసిన రిపేరు చిన్నది. లోపలి స్ప్రింగు మార్చాడు, ఒక స్క్రూ వేశాడు, అంతే. తుపాకీ తీసుకుపోవడానికి మీ నాయనే వచ్చాడు. నేను ఆకురాయి పడుతూ అక్కడే ఉన్నాను. అబ్బా అన్న మాట ఇది. "పటేలా, ఇది పాత జర్మన్ తుపాకి. పొగ లేసే నల్ల తుపాకిమందు జమానల చేసింది. ఇండ్ల నల్లమందే పోయాలె. పొగ రాని కొత్త మందు పోస్తే తట్టుకోదు, జర యాదిల పెట్టుకో." మీ నాయన నవ్వాడు. "ఇంగ్లీషు తుపాకిరా ఇది, నాకు నేర్పుతున్నవా?" అన్నాడు. ఆ తుపాకీ తూటాలు బజార్లో దొరకవు, ఆయనే ఖాళీ ఇత్తడి తూటా ఖోళ్లలో మందు పోసి నింపుకునేవాడు కదా.

ఆ ఏడు ముసురు తెలుసు కదా, నల్లమందు ఎవరి ఇంట్లోనూ పొడిగా లేదు. నాసి బోల్టు అయితే బోల్టే విరుగుతుంది, బ్యారెల్ పొంగదు. తూటా కూర్చునే చోట ఇనుము పొంగి చీలిందంటే లోపల మందు దాని బలానికి మించినదన్నమాట. పంచనామా నాడు అబ్బా ఆ పొంగు కళ్లారా చూశాడు. చూసి ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నేను ఊరుకోలేదు. పోయి చెప్పు, నువ్వు ముందే హెచ్చరించావని చెప్పు, నేను సాక్ష్యం అని అరిచాను. అబ్బా లేచి కూర్చున్నాడు. "కొడుకు పోయిండురా ఆయనకు. నీ చేత్తోనే పోయిండని నేను పోయి చెప్పాల్నా? నా మీద పడ్డది మన్ను, దులుపుకుంట. ఈ మాట పడితే ఆయన దులుపుకోలేడు." ఇంకెవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయేదాకా నాకు ఆయన మీద కోపమే. మా ఇజ్జత్ ఇచ్చి మీ నాయన నిద్ర కొన్నాడని అనుకునేవాణ్ని. ఇవాళ ఆ ఒట్టు తప్పాను.

మీ నాయన ఆ మందు పోయడం నేను చూడలేదు. ఇనుము చెప్పిందే చెబుతున్నాను. అఖిలేష్‌కు చెప్పు, వాడి హక్కు. ముసలామెకు మాత్రం చెప్పకు. కొడుకును పోగొట్టుకుంది, ఇప్పుడు మొగుణ్ని కూడా పోగొట్టుకోమనకు. అబ్బా కాపాడింది ఆ ఇంటినే.

జలాల్


జహీరాబాద్,
21 సెప్టెంబర్.

అన్నా,

అఖిలేష్‌కు చదివి వినిపించాను. మర్నాడు డ్యూటీకి పోతూ నీ ఇంటి చిరునామా అడిగి రాసుకున్నాడు.

అమ్మకు సగమే చెబుదామనుకున్నాను. నంబర్లు కలిశాయి, బోల్టు అసలుదే, ఖాజా మియా దొంగతనం చేయలేదు, అంతవరకే. మంచం మీద కూర్చోబెట్టి చెప్పాను. అమ్మ కూడా అడిగింది, అఖిలేష్ అడిగినట్టే. "మరెందుకు పగిలిందే?"

పాత ఇనుమమ్మా అన్నాను.

అమ్మ చెయ్యి గాల్లో ఏదో పట్టుకున్నట్టు ఆడింది. "ముసురు దినాలు. నల్లమందు ముద్దయిందని మీ నాయన తిట్టుకుంట కూసున్నడు. ఇంకో తుపాకియి ఎర్ర తూటాలుంటే కోసిండు. అండ్ల మందు పోసుకోనీకి పళ్లెం ఇయ్యమన్నడు. బియ్యం ఏరుకునే పళ్లెం నేనే ఇచ్చిన. 'మంచి మందు బస్వమ్మా, దీనికి పొగ గూడ రాదు' అన్నడు."

పొగ మాట నేను ఎత్తనే లేదన్నా. నల్లమందు మాట కూడా ఎత్తలేదు. ఇన్నేళ్లూ ఆ పళ్లెం ఆమె తలలో ఉంది, దాన్ని దేనికి కలపాలో తెలియక ఊరికే ఉంది. నా ముఖం చూపుకు ఆనకపోయినా ఊపిరి వినబడింది కాబోలు. "అదేనా?" అంది. నేను అబద్ధం ఆడలేకపోయాను.

"ఖాజా మియాకు ఎర్కేనా?"

ఎరుకేనమ్మా అన్నాను.

"ఎరికుండి మరి ఎందుకు నిలబడ్డడే? నేను మన్ను పోస్తుంటే ఎందుకు నిలబడ్డడే?"

నీ ఉత్తరం తీసి చదివాను, మట్టి ఇవ్వడం గురించి రాసిన మొదటి ఉత్తరం కూడా. నువ్వు వద్దన్నావు, క్షమించు. అబ్బా మాట దగ్గరికి వచ్చేసరికి ఇంకోసారి చదవమంది. ఆ పూట అన్నం ముట్టలేదు. రాత్రి ఏడ్చిందో లేదో తెలియదు, నేను తలుపు దగ్గరే పడుకున్నా చప్పుడు వినబడలేదు. పొద్దున లేచి స్నానం చేసి, నాన్న ఫొటోకు రోజూ పెట్టినట్టే విభూతి పెట్టింది. పెడుతూ "ఆయన గూడ ఎరికలేకనే చేసిండు" అంది. ఆ తర్వాత నన్ను పిలిచి, ఖాజా మియా దుకాణం కాడికి తోలుకపో అంది.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, ముందంతా సిమెంటు. అమ్మ కర్రతో పొడుచుకుంటూ మెత్తటి చోటు కోసం వెతికింది. మురుగు మోరీ పక్కన కొంచెం ఎర్రమన్ను దొరికింది. నేను తీస్తానంటే ఒప్పుకోలేదు. వంగడం రాదు, నేల మీద కూర్చుంది. ఫోన్లు కొనడానికి వచ్చినవాళ్లు చూస్తుంటే మూడు పిడికిళ్లు తీసి కొంగులో పోసుకుంది. ఆ రోజు కూడా అక్కడే తీసింది కదా.

"మన లింగాయతుల్ల గూడ బొంద పెట్టి మన్నే ఇస్తం. నేను సోలాపూర్ దాక రాలేను. పిలగాన్ని తోలు" అంది.

వచ్చే శుక్రవారం అఖిలేష్ వస్తున్నాడు. సోలాపూర్ మీదుగా పోయే బొంబాయి బస్సు. వాడిని లోపలికి రానిస్తావు కదా?

నీ చెల్లె,
భాగీరథి


సోలాపూర్,
28 సెప్టెంబర్.

చెల్లె భాగీరథికి,

తలుపు తీశాను, అఖిలేష్. మాణిక్ వచ్చి నిలబడ్డట్టుంది. ఆ వయసు దాకా వాడు బతకలేదు గాని, బతికితే ఇట్లాగే ఉండేవాడు. చెప్పులు విప్పేటప్పుడు కూడా వాడిలాగే ఒంటికాలి మీద నిలబడ్డాడు. నాకు మాట రాదని తెలిసి, వాడూ సైగలతోనే పలకరించాడు. అంబ్రీన్ చాయ్ తెచ్చి ఇద్దరినీ చూసి లోపలికి పోయింది.

జుమ్మా నమాజు తర్వాత ఖబరస్తాన్‌కు పోయాం. వానలకు అబ్బా సమాధి కుంగి ఉంది. అఖిలేష్ తువ్వాల ముడి విప్పి, ఎట్ల వెయ్యాలని చేత్తో అడిగాడు. చేత్తోనే చూపించాను. ఒక్కో పిడికిలీ మెల్లగా వేశాడు. మూడోది వేసి, అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయాడు. "మా నానమ్మ పంపింది తాతా" అన్నాడు. నాతో కాదు, అబ్బాతో. ఇక్కడ నేలంతా నల్లరేగడి. జహీరాబాద్ మన్ను దాని మీద ఎర్రగా కనబడుతోంది. ఇవాళ పొద్దున కూడా పోయి చూశాను, ఇంకా కలవలేదు.

స్టేషన్‌కు రాయాల్సింది ఇది. దేశం జర్మనీ. మౌజర్, మోడల్ 71, ఒక్క తూటాది. సాలు 1877. నంబరు 4216, ఒక్క స్క్రూ తప్ప అన్ని భాగాల మీదా అదే. రిపేరు చేసినవారు ఖాజా మియా, జహీరాబాద్ అని కూడా రాయమను, వాళ్లు అడగకపోయినా సరే. పగిలిన కారణం ఏమిటని అడిగితే అక్కడేమీ రాయవద్దు. పంచనామా నాడు అబ్బా కూడా రాయించలేదు.

పళ్లెం ఇచ్చిన చెయ్యి తప్పు చేయలేదని అమ్మతో చెప్పు. దసరాకు తోముదామన్నా ఆ తుపాకీ ఇక ఇంట్లోనే ఉండదు కదా, ఆ చింతపండుతో పులుసు పెట్టమను. నా సలాం చెప్పు.

నీ అన్న,
జలాల్